జర్మనీలో సెలవులు: పీహెచ్‌డీలో చేరాలా, ఐటీలోనా?

ప్రశ్న (గుంటూరు నుంచి, ఇంకొన్నాళ్ళే)

అందరికీ నమస్కారం. అక్టోబరులో జర్మనీ వస్తున్నాను. రెండు ఆఫర్లున్నాయి. ఒకటి డ్రెస్డెన్‌లో యూనివర్సిటీ పీహెచ్‌డీ, ఈ13 అనే జీతాల గ్రేడులో పూర్తి జీతానికి 65 శాతం, ఏడాదికి 30 రోజుల సెలవు. రెండోది స్టుట్‌గార్ట్‌లో ఐటీ కంపెనీ, 28 రోజులు. జీతాల లెక్క నేను చూసుకుంటాను. మాఘంలో చెల్లి పెళ్లి ఉంది, మూడు వారాలు ఇంట్లో ఉండాలి. కొత్తగా చేరినవాడికి అన్ని రోజులు ఇస్తారా? పీహెచ్‌డీ వాళ్ళకి అసలు సెలవంటూ ఉంటుందా, అంతా ప్రొఫెసర్ దయేనా?

డ్రెస్డెన్, పోస్ట్‌డాక్

తమ్ముడూ, ముందు నీ చేతికొచ్చింది ఉద్యోగ కాంట్రాక్టా, స్కాలర్‌షిప్ ఉత్తరమా చూడు. స్కాలర్‌షిప్ అయితే నువ్వు ఉద్యోగివి కాదు, సెలవుల చట్టం నీకు వర్తించదు, ఆ ఉత్తరంలో ఏం రాస్తే అదే. ఈ13 అన్నావు కాబట్టి కాంట్రాక్టే అయ్యుంటుంది. వారానికి ఐదు రోజులు పనిచేస్తే జీతం 65 శాతమే అయినా సెలవులు మాత్రం పూర్తిగా 30. డిసెంబరు 24, 31 తేదీల్లో కూడా మామూలుగా పని ఉండదు.

చట్టం చెప్పే కనీసం, ఐదు రోజుల వారానికి, 20 రోజులే. అందుకని 28 అయినా 30 అయినా తక్కువేం కాదు. అసలు చిక్కు మొదటి 6 నెలల్లో ఉంది. పూర్తి హక్కు ఆ తర్వాతే వస్తుంది, అంతవరకు పనిచేసిన ప్రతి నెలకీ ఏడాది సెలవులో పన్నెండో వంతు. 30 రోజుల మీద నెలకి రెండున్నర. అక్టోబరు ఒకటిన చేరితే జనవరి ఆఖరుకి 10 రోజులు, అంటే రెండు వారాలు. మూడో వారం ముందస్తుగా ఇస్తారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. డిసెంబరులోపు వచ్చిన రోజుల్ని వాడకు. కొత్త ఏడాదికి మార్చమని అడుగు, మొదటి ఏడాది ముక్క సెలవుని అలా మార్చుకునే హక్కు చట్టంలోనే ఉంది.

ఇక ప్రొఫెసర్ దయ సంగతి. నేను చూసిన ల్యాబుల్లో సెలవు అడిగితే కాదనేవాళ్ళు అరుదు, అడగనివాళ్ళే ఎక్కువ. ఎవరూ లెక్క చూడరు, ఎవరూ "వెళ్ళు" అనరు. 65 శాతం జీతానికి వారమంతా పనిచేస్తాం. ల్యాబులో జీవకణాలు పెంచేవాళ్ళయితే ఆదివారం కూడా వచ్చి వాటి పోషక ద్రవం మార్చిపోతారు. నువ్వూరికెళితే ఆ పని ఎవరు చూస్తారో ముందే మాట్లాడి పెట్టుకోకపోతే, హైదరాబాద్‌లో దిగకముందే ఫోను మోగుతుంది. నీకు క్లాసులు చెప్పే బాధ్యత ఉంటే మరో అడ్డంకి. శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మొదటి సగం దాకా నడుస్తాయి, ఆ మధ్యలో పొడవు సెలవు కష్టం. ఇక్కడి యూనివర్సిటీ క్యాలెండర్ మన పండగల్లో ఉగాదికి కాస్త అనుకూలం.

వాడని సెలవు గురించి ఒక తీర్పు తెలుసుకో. మాక్స్ ప్లాంక్ సొసైటీ అనే ఇక్కడి పరిశోధన సంస్థలో పనిచేసిన ఒక శాస్త్రవేత్త, కాంట్రాక్టు ముగిసేనాటికి మిగిలిన 51 రోజులకి డబ్బడిగారు. 2018లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఏమందంటే, సెలవు వాడుకోమని, లేదంటే పోతుందని యజమాని స్పష్టంగా చెప్పి ఉండాలి. చెప్పకపోతే అడగలేదన్న సాకుతో దాన్ని తీసేయడం కుదరదు. ఆ తర్వాత నుంచి మా ఆఫీసు ప్రతి ఏడాదీ మెయిల్ పంపుతోంది. చదవకుండా డిలీట్ చేసేవాళ్ళే ఎక్కువ.

కొలోన్, నర్సు

మా వార్డులో వచ్చే ఏడాది సెలవుల పట్టిక ఈ ఏడాది శరదృతువులోనే నింపేస్తాం. బడి సెలవుల్లో పిల్లలున్నవాళ్ళకి మొదటి వంతు, దానికి గొణిగి లాభం లేదు. కేరళ అమ్మాయిలకి క్రిస్మస్ కావాలి, నాకు సంక్రాంతి కావాలి. నేను క్రిస్మస్ డ్యూటీలు చేస్తాను, వాళ్ళు జనవరిలో నా షిఫ్టులు చూస్తారు. ఒక మాట మాత్రం నిజం: షిఫ్టు అయ్యాక తాళం వేసి వచ్చేస్తే పని ఇంటికి రాదు. పీహెచ్‌డీ చేసే మా ఆయనకి ఆ సుఖం లేదు.

మ్యూనిక్, ఐటీ

బాబూ, ఐటీ అని కూడా ధీమాగా ఉండకు, క్లయింటు ఎవరో అడుగు. సొంత ప్రోడక్టు ఉన్న కంపెనీలో ఆగస్టులో సగం ఆఫీసు ఖాళీ. కన్సల్టెన్సీలో అయితే రిలీజు ఉన్న వారం సెలవు దొరకదు. ఎక్కువ గంటలు పనిచేస్తే వాటిని సెలవుగా మార్చుకునే ఖాతా ఉందా, అది కూడా కాంట్రాక్టు మీద సంతకానికి ముందే తేల్చుకో.

గురువారం వచ్చే పండగలకి శుక్రవారం కలుపుకోవాలంటే జనవరిలోనే బుక్ చెయ్యాలి. పండగ ఆదివారం పడితే పోయినట్టే, మర్నాడు ఇవ్వరు.

ఊళ్ళో జ్వరమొచ్చి పడుకున్న రోజులు సెలవులోంచి కొయ్యకూడదు. కానీ మొదటి రోజే ఆఫీసుకి మెయిల్ కొట్టాలి, ఇన్సూరెన్సు వాళ్ళకి కూడా. వీధి చివర ఆర్‌ఎంపీ చీటీ పనికిరాదు. ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర తారీఖులతో సర్టిఫికెట్ తీసుకో.

ప్రశ్న అడిగిన తమ్ముడు

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. పీహెచ్‌డీ వైపే మొగ్గుతున్నాను. పెళ్లి మాట చేరాక చెప్పనా, ఇప్పుడే చెప్పనా? అడగ్గానే కావాలని సెలవు కోసం వచ్చాడనుకుంటారేమో.

డ్రెస్డెన్, పోస్ట్‌డాక్

ఇప్పుడే, సంతకం పెట్టకముందే చెప్పు. పెళ్లంటే వీళ్ళకీ అర్థమవుతుంది, ఆఖరి వారంలో చెబితేనే చిరాకు. తేదీలు రాసి, రెండు వారాలు సెలవు, మూడో వారం ముందస్తు సెలవుగా గానీ జీతం లేకుండా గానీ ఇవ్వగలరా అని మెయిల్‌లో అడుగు. మీటింగులో సరే అంటే ఆ రోజే "మనం అనుకున్నట్టు" అని ఇంకో మెయిల్ పెట్టు. టికెట్ కొనేముందు వీసా గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకో. రెసిడెన్స్ కార్డు ఇంకా చేతికి రాకపోతే తిరిగి రావడానికి ఏ కాగితం చెల్లుతుందో విదేశీయుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడుగు. వాళ్ళ జవాబుకి వారాలు పడుతుంది, అందుకని నవంబరులోనే మొదలుపెట్టు.