అప్‌డేట్: మ్యాప్‌సర్వర్ 8.0కు మారాము

వెబ్‌లో పటాలను అందించే మ్యాప్‌సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 7.6 నుండి 8.0కు మారితే పాత మ్యాప్‌ఫైళ్లు (పటాన్ని ఎలా గీయాలో చెప్పే ఫైళ్లు) పనిచేస్తాయా అని ఇంతకుముందు అడిగాను. మా ఫైళ్లు దాదాపు మార్పు లేకుండానే పనిచేస్తున్నాయి. అయితే 2022లో వచ్చిన ఈ విడుదలలో మ్యాప్‌సర్వర్.కాన్ఫ్ అనే కొత్త ఆకృతీకరణ ఫైలు తప్పనిసరి. ఏ మ్యాప్‌ఫైళ్లను తెరవడానికి అనుమతి ఉందో అందులో ముందే చెప్పాలి కనుక, ఎవరో వెబ్ చిరునామాలో ఇష్టం వచ్చిన ఫైలు మార్గం రాసి సర్వర్ చేత తెరిపించే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మార్పు ఇదే.

భౌగోళిక సమాచారాన్ని వెబ్‌లో అందించే ప్రమాణమైన ఓజీసీ ఏపీఐ ఫీచర్స్ కూడా చేరింది. దీనివల్ల చెరువులు, రహదారుల వంటి పొరలను జియోజేసన్ అనే భౌగోళిక డేటా రూపంలోనూ, బ్రౌజర్‌లో నేరుగా చదవగలిగే పేజీలుగానూ అందించవచ్చు. మ్యాప్‌ఫైలు నుండి పటాన్ని చిత్రంగా తయారుచేసే ఎస్‌హెచ్‌పీ2ఐఎంజీ అనే పనిముట్టు పేరు మ్యాప్2ఐఎంజీగా మారినందున పాత స్క్రిప్టులను సరిచూసుకోండి.