"పాలెల్ల నొక్కటి"యా, "పాలేకవర్ణమౌ"నా?

వాణి (వేళచ్చేరి):
అందరికీ నమస్కారం. మార్చి 21న ఇక్కడ చెన్నైలో మా తెలుగు సంఘం పిల్లలతో జాతివివక్ష మీద సభ పెట్టుకున్నాం. 1960లో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా అనుమతి చీటీ మోయాలన్న పాసు చట్టాలను ఎదిరించినవాళ్లలో 69 మందిని పోలీసులు కాల్చి చంపిన రోజు అది. వేదిక వెనక పెద్ద అక్షరాలతో వేమన పద్యం రాయిద్దామనుకున్నాం. తీరా చూస్తే మొదటి పాదమే సగం గుర్తుంది. "పశుల వన్నె వేరు పాలెల్ల నొక్కటి" అని నా నోటికొస్తుంది. మా అత్తగారు "పాలేకవర్ణమౌ" అంటారు. ఏది రాయమంటారు?

రంగనాథం (పెరంబూరు):
రెండూ వాడుకలో ఉన్నవే అమ్మా. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. పాలెల్ల, నొక్కటి: త, భ గణాలు. పాలేక, వర్ణమౌ: త, ర గణాలు. అన్నీ ఇక్కడ చెల్లే ఇంద్రగణాలే. యతి రెండింటికీ ప–పా. "పశుల వన్నెలు వేరు" అని మాత్రం రాయించకండి, ఈమధ్య ఎక్కడ చూసినా అదే. సూర్యగణం ఉండాల్సిన చోట భగణం పడి పాదం చెడిపోతుంది. మూడో పాదంలో "దర్శనంబు లారు" అన్నదే సరైన పాఠమని నా నమ్మకం. "వేరు" తర్వాతివాళ్ల సవరణ.

సుగుణ (విల్లివాక్కం):
మాస్టారూ, మూడో పాదం తర్వాత చూద్దాం. నా ఓటు అత్తగారికే. వర్ణానికి వికృతి వన్నె. ప్రకృతినీ వికృతినీ ఒకే పాదంలో ఎదురెదురుగా నిలబెట్టాడు: వన్నె వేరు, వర్ణం ఒకటి. "ఎల్ల నొక్కటి" అంటే ఆ అందమంతా పోతుంది.

ఫణి (పోరూరు):
ఆ అందమే నాకు గుచ్చుకుంటోందక్కా. ఏకవర్ణం అంటే ఏ వర్ణం? తెలుపు. ఆవు నల్లదైనా ఎర్రదైనా లోపల తెలుపే, కనుక గొప్పదే అని షార్ప్‌విల్ రోజున గోడ మీద రాస్తామా?

రంగనాథం:
పాలు తెల్లగా ఉండడం వేమన చేసిన పని కాదు నాయనా. ఆయన అన్నది ఏకత్వం. ఎల్ల నొక్కటి అని చదివితే నీ చిక్కూ తీరుతుంది.

ఫణి:
తీరదు మాస్టారూ. "నాకు రంగు కనపడదు, మనుషులంతా ఒకటే" అన్నంత మాత్రాన రంగు పని చెయ్యడం మానదు. అమెరికాలో బాస్టన్, షికాగో నగరాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు సుమారు అయిదు వేల ఉద్యోగ దరఖాస్తులు పంపి చూశారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చదువు, అనుభవం ఒక్క తీరువే, పేర్లు మాత్రం వేరు. ఎమిలీ, గ్రెగ్ లాంటి పేర్లకు వచ్చిన పిలుపులు లకీషా, జమాల్ లాంటి పేర్లకు వచ్చినవాటికంటే సుమారు 50 శాతం ఎక్కువ. ఆ పిలుపు అందుకున్న గ్రెగ్ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. తన పేరు తనకు సాయం చేసిందన్న సంగతే అతనికి తెలీదు. జాతి వల్ల కలిగే అనుకూలత చాలాచోట్ల ఇలా, అనుభవించేవాడికి కూడా కనపడకుండా ఉంటుంది. పాలు ఒకటేనన్నది నిజమే. పాలు చూసేదాకా ఎవరు రానిస్తున్నారు?

సుగుణ:
అయితే వన్నె అనే మాట మీద మనం సరిగ్గా నిలబడలేదు. వన్నె అంటే ఒట్టి రంగు కాదు. మా నాన్నగారు షావుకారుపేటలో బంగారప్పని చేసేవారు. గీటురాయి మీద గీసి చూసేది వన్నెనే. పదహారు వన్నె అంటే మేలిమి, ఆ లెక్క తగ్గితే ధర తగ్గుతుంది. "వన్నె తగ్గింది" అంటే పరువు తగ్గిందనీ అర్థముంది. రంగు, మేలు, ధర, గౌరవం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అందుకని "పశుల వన్నె వేరు" అన్నప్పుడు సంతలో పశువుకు కట్టే వెల కూడా వినిపిస్తుంది నాకు. తోలుకో వెల, పాలకో వెల ఏమిటని అడుగుతున్నాడు కవి.

రంగనాథం:
ఆ అర్థం బంగారం పట్లే చెల్లుతుంది, పశువుల పట్ల చెల్లదు. అన్వయం లాగుతున్నావమ్మా. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసినవి 693 వేమన పద్యాలు, 1839 కూర్పులో 1,164. అన్ని పద్యాల్లో వన్నె అన్న మాట ఎక్కడెక్కడ ఏ అర్థంలో పడిందో చూసి అప్పుడు మాట్లాడాలి.

సుగుణ:
చూడండి, కాదనను. కానీ నాన్నగారి దుకాణం ఉన్న ఆ పేట సంగతి కూడా తలుచుకోండి. కుంపిణీవాళ్లు కోటలోపలిదాన్ని వైట్ టౌన్ అనీ, మన తెలుగువాళ్లూ తమిళులూ కాపురమున్న ముత్యాలపేట, పెదనాయునిపేటల్ని బ్లాక్ టౌన్ అనీ పటాల మీద రాసుకున్నారు. ఆ బ్లాక్ టౌన్‌కు జార్జి టౌన్ అన్న పేరు తర్వాత వచ్చింది. వన్నెను బట్టి నేలకు హద్దు గీసిన ఊళ్లో కూర్చుని, ఆ మాటలో వెల లేదని ఎలా అంటాం?

కృష్ణవేణి (అణ్ణానగర్):
నేను ఐసీయూలో పనిచేస్తాను, సాహిత్యం మీ అందరికంటే తక్కువ చదివాను. వేలికి తొడిగే ఆక్సిమీటరు గురించి ఒక మాట. అది చర్మంలోంచి వెలుగు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంచనా వేస్తుంది. ముదురు రంగు చర్మం దాన్ని పొరబాటు పట్టిస్తుంది. 2020 డిసెంబరులో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో, మీటరు 92 నుంచి 96 దాకా చూపించినప్పుడు రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ తేలినవి నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. కోవిడ్ రోజుల్లో ఎవరికి ఆక్సిజన్ పెట్టాలి, ఎవర్ని ఇంటికి పంపాలి అన్నది ఆ అంకె చూసే నిర్ణయించేవాళ్లం. నెత్తురు అందరిదీ ఎరుపే. కానీ కొలిచే పరికరం చర్మం దగ్గరే తడబడుతోంది. తయారుచేసినవాళ్లకు ద్వేషం ఉందని నేననను. ఎవరి వేళ్ల మీద సరిచూసుకున్నారన్నదే నా ప్రశ్న. మన వార్డుల్లో ఉన్నవి కూడా ఆ రకం మీటర్లే, మన రోగుల్లో ఎక్కువమందివి చామనచాయ వేళ్లే.

రంగనాథం:
ఇది నాకు తెలియని సంగతి, కలవరపెట్టింది. చామన మాత్రం శ్యామ నుంచి వచ్చింది. పెళ్లి ప్రకటనల్లో ఆ మాటను లోపం ఒప్పుకున్నట్టు వాడుతున్నారు, అది నాకు కష్టంగా ఉంటుంది. శ్యామ అంటే మన కవులు కృష్ణుణ్ణి పిలిచిన పేరు.

ఫణి:
వర్ణం గురించి ఇంకొకటి. అమెరికాలో అప్పట్లో వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతివాళ్లకూ తప్ప పౌరసత్వం ఇచ్చేవాళ్లు కాదు. 1922లో అక్కడి సుప్రీం కోర్టు ఒజావా అనే జపాను మనిషికి పౌరసత్వం నిరాకరించింది. చర్మం తెల్లగా ఉన్నా కాకేసియన్ జాతి కాదు కనుక తెల్లవాడు కాదంది. కొద్ది నెలలకే, 1923లో, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు అదే కోర్టుకు వచ్చాడు. నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కనుక కాకేసియన్ని, కనుక తెల్లవాణ్ణి అని వాదించాడు. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు జనం నిన్ను తెల్లవాడనుకోరు పొమ్మంది అదే కోర్టు. మొన్న శాస్త్రం, ఇవాళ జనం మాట! గీటురాయే మారిపోయింది. కానీ థింద్ వాదన మనం దాచుకోకూడదు. కులం చూపించి రంగు అడిగాడు, ఆ మెట్ల వరసే తప్పని అనలేదు. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు.

వాణి:
ఇవన్నీ పిల్లలకు తప్పకుండా చెప్తాను. కానీ పద్యం?

సుగుణ:
రెండో పాదం చూడమ్మా. "పుష్పజాతి వేరు పూజ యొకటి." మొదటి పాదంలో వన్నె, రెండోదాంట్లో జాతి. వర్ణవివక్ష, జాతివివక్ష రెంటికీ ఒకే పద్యం సరిపోతుంది.

కృష్ణవేణి:
పూల జాతులు నిజంగా వేరు సుగుణగారూ. మనుషులవి అలా కాదు. మనుషుల్లో కనపడే జన్యు భేదాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటాయని జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ 1972లోనే తేల్చాడు. జాతి వేరని ఒప్పుకుని పూజ ఒకటి అంటే మొదటి సగమే తప్పు.

ఫణి:
అందుకే నేను గురజాడ దగ్గరికి పోతాను. ఆయన "లవణరాజు కల" గేయంలో "మలినదేహుల మాలలనుచును, మలినచిత్తుల కధిక కులముల నెల వొసంగిన వర్ణధర్మ మధర్మ ధర్మంబే." అంతా ఒకటే అని ఓదార్చడం లేదిక్కడ. ఎవరిని కిందికి తోశారో, ఎవరికి పైన చోటిచ్చారో రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. నెలవు ఒసంగడం అంటే చూడండి, సంపాదించుకోలేదు, ఇచ్చారు. వాణిగారూ, గోడ మీద ఇది రాయించండి.

రంగనాథం:
గురజాడ పేరెత్తితే నేను కాదనలేను, నాకు ఆయన తర్వాతే ఎవరైనా. కానీ ఆ వర్ణం కులానికి చెందినది, చర్మానిది కాదు. షార్ప్‌విల్ సభలో పెడితే రెండూ కలిసిపోయి పిల్లలకు ఏదీ సరిగ్గా అందదు.

సుగుణ:
కలిసిపోతే ఏం మాస్టారూ? 1860లో ట్రూరో ఓడ మన మద్రాసు రేవు నుంచే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు కూలీలను తీసుకెళ్లింది. ఆ తర్వాతి ఓడల్లో తెలుగువాళ్లు ఎంతోమంది వెళ్లారు. ఇక్కడ కులం కింద నలిగినవాళ్ల మనవలు అక్కడ ప్రతి మనిషికీ ఒక జాతి అంటగట్టిన 1950 జన నమోదు చట్టం కింద జాతి చీటీ మోశారు. 1991లో ఆ చట్టం రద్దయినా, ఎవరి తాత ఏ పేటలో ఇల్లు కొనగలిగాడన్న తేడా మనవడి దాకా వస్తూనే ఉంది.

రంగనాథం:
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. ఇక ఫణీ, ఆ పాదాల్లో "అధిక కులముల" తర్వాత విరిచి "నెలవు" అని చదివావు. కులముల యొక్క నెలవా, కులములలో నెలవా? షష్ఠి అయితే ఒక అర్థం, సప్తమి అయితే ఇంకొకటి. దాన్నిబట్టే చోటిచ్చింది ఎవరికో తేలుతుంది. వర్ణధర్మమే కర్త అనుకుంటున్నావు కదా, ఒకసారి అన్వయం రాసి పెట్టు, చూద్దాం.

ఫణి:
సప్తమి మాస్టారూ, అనుమానం లేదు. మలినచిత్తులకు, అధిక కులములలో, నెలవు. రాత్రికి పూర్తిగా రాస్తాను.

వాణి:
పెయింటరు శుక్రవారం వస్తాడు, ఆలోపు రాయండి ఫణిగారూ.