పేగుపూత ఉంది, భయంతో అన్నీ మానేశాను. ఏం తిని బతకాలి?

దేవరకొండ కుట్టుమిషన్:

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. దేవరకొండలో ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడతాను. పోయినేడు శ్రావణంలో మొదలైంది. మొదట బంక పడేది, తర్వాత దాంతో పాటు రక్తం. ఒకచోట మొలలన్నారు, ఇంకోచోట జిగట విరేచనాలన్నారు. నాలుగు నెలలు ఏవేవో గోలీలు మింగాక హైదరాబాద్ పోతే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చారు. పెద్దపేగు ఎడమవైపు పూత ఉందట. పూత తగ్గడానికి మెసలమైన్ అనే గోలీలు రాశారు. రెండు నెలల్లో మనిషినయ్యాను.

ఈ దసరా ముందు మళ్లీ తిరగబెట్టింది. గోలీలు ఒక్కపూట కూడా మానలేదు. అందుకే తిండి వల్లే అనుకున్నాను. మొదట కారం మానేశాను. తర్వాత చింతపండు, పాలు, పప్పు, ఆకుకూరలు, మాంసం, చివరికి జొన్నరొట్టె. ఇప్పుడు పెరుగన్నం, అరటిపండు, బ్రెడ్డు, అంతే. 56 కిలోల దాన్ని 47కి వచ్చాను. రక్తం (హిమోగ్లోబిన్) 8.6 ఉంది. అయినా రోజుకు నాలుగైదుసార్లు పోవాల్సి వస్తోంది, రెండుసార్లు రక్తం కనబడుతోంది.

ఒక బ్లౌజుకు రెండు చేతులు ఎక్కించేలోపే లేవాలి. సూది బట్టలోకి దించి, చక్రం అట్లాగే వదిలేసి ఉరుకుతాను. హుక్కుల కోసం వచ్చిన ఆమె స్టూలు మీద కూర్చుని ఉంటుంది. తిరిగొచ్చాక ఆమె ముఖం చూడలేను. మా అత్తమ్మ 'వేడి చేసింది, సబ్జాలు తాగు' అంటుంది. పాపం, ఆమెకు తెలిసింది ఆమె చెబుతుంది.

మోకాళ్లు, మడమల నొప్పులు కూడా ఉన్నాయి కానీ అవి పాతవే. నేను పుట్టింది మర్రిగూడ వైపు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల ఫలితం అనుకుని ఊరుకుంటాను. పండగ సీజన్‌లో రాత్రి ఒంటిగంట దాకా కుట్టాలి కాబట్టి మెడికల్ షాపులో నొప్పుల గోలీ తెచ్చుకుని వేసుకుంటాను.

సద్దుల బతుకమ్మ నాడు అందరూ నువ్వుల సద్ది, మలీద పంచుకుంటుంటే చేతిలో పట్టుకుని నిలబడ్డాను, నోట్లో పెట్టుకోలేదు. మళ్లీ ఎప్పుడైనా జొన్నరొట్టె తినగలనా? ఇదే జబ్బుతో ఉన్నవాళ్లు ఎట్లా తింటున్నారో చెప్పండి.

జడ్చర్ల పెద్దన్న:

చెల్లే, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు ఇదే జబ్బు, 11 ఏళ్లయింది. విత్తనాల దుకాణం నడుపుతాను. ముందు ఒక మాట: నువ్వు చింతపండు తిన్నందుకు ఈ జబ్బు రాలేదు. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే పేగు లోపలి పొర మీద పడి పుండ్లు చేస్తుంది. మందు పని మందుది, తిండి పని తిండిది. తిండితో బాధ తగ్గించుకోవచ్చు, బలం నిలుపుకోవచ్చు. పూతను మాన్పేది మాత్రం మందే. నేను ఇది ఒప్పుకోవడానికి రెండో ఏడు నాటువైద్యం కోసం గోలీలు మానేసి, తొమ్మిది రోజులు దవాఖానలో పడుకోవాల్సి వచ్చింది. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

నువ్వు చేస్తున్న పెద్ద పొరపాటు అన్నీ ఒక్కసారే మానేయడం. అట్లా చేస్తే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు, మనిషి మాత్రం ఎండిపోతుంది. పూత ఉన్నప్పటి తిండి వేరు, తగ్గినప్పటి తిండి వేరు. ఈ రెండిటినీ కలిపేసుకుని నేను మూడేళ్లు నష్టపోయాను.

ఇప్పుడు రక్తం పడుతోంది కాబట్టి పీచు తక్కువగా, మెత్తగా ఉండేవి తిను. అన్నం మెత్తగా వండుకో. పెసరపప్పు పలుచగా చేసుకో, అది మానొద్దు. సోరకాయ, బీరకాయ చెక్కు తీసి, గింజ ముదిరితే తీసేసి, బాగా ఉడికించి తిను. ఆలుగడ్డ మెత్తగా మెదిపి తినొచ్చు. రోజుకు రెండు కోడిగుడ్లు ఉడకబెట్టుకుని తిను, తెల్లదీ పచ్చదీ రెండూ. నీ ఒంటికి ఇప్పుడు అన్నిటికన్నా కావాల్సింది మాంసకృత్తులే. చేప దొరికితే కారం లేకుండా పులుసులా కాకుండా ఉడికించుకో. పాలు పడకపోయినా పెరుగు, చల్ల చాలామందికి పడతాయి, నీకు పడుతున్నాయి కూడా. మూడుపూటలా కడుపు నిండా కాకుండా ఐదారుసార్లు కొంచెం కొంచెం తిను. ఎక్కువసార్లు పోయిన రోజు ఉత్త నీళ్లు కాకుండా ఓఆర్ఎస్ తాగు.

జొన్నరొట్టె సంగతి. తింటావు చెల్లే, తప్పకుండా తింటావు. కానీ ఇప్పుడు కాదు. రక్తం ఆగి, రోజుకు ఒకటి రెండుసార్లకు వచ్చి, ఒక నెల నిలకడగా ఉన్నాక మొదలుపెట్టు. నేను ఎట్లా చేశానో చెబుతా. రూపాయి సైజు ముక్క విరిచి, బీరకాయ కూరలో నానబెట్టి, మధ్యాహ్నం తిన్నాను. రాత్రి కాదు. మూడు రోజులు అంతే. తర్వాత పావు రొట్టె, ఇంకో వారం తర్వాత సగం. ఇప్పుడు రోజుకు రెండు తింటాను. తగ్గాక పీచు పూర్తిగా మానడం కూడా మంచిది కాదని మా డాక్టరే చెప్పాడు. నువ్వులు, పల్లీలు అయితే మెత్తగా నూరి తింటాను, గింజలు గింజలుగా ఇప్పటికీ ముట్టను.

ఒక నోటుబుక్కు పెట్టు. బ్లౌజుల కొలతలు రాసుకుంటావు కదా, అట్లాంటిదే. తిన్నది, ఎన్నిసార్లు పోయావు, రక్తం ఉందా లేదా, నిద్ర ఎన్ని గంటలు. నా పుస్తకంలో రెండు నెలలకు ఒక సంగతి బయటపడింది: నాకు మిరపకాయ కన్నా నిద్రలేని రాత్రే ఎక్కువ పడదు. నువ్వు ఒంటిగంట దాకా కుడుతున్నావన్నావు, అది కూడా రాయి.

నల్లగొండ నుంచి తమ్ముడు:

అక్కా, మా అన్నకు క్రోన్స్ అనే పేగుజబ్బు. ఇది వేరే రకం, నోటి నుంచి కింది దాకా ఎక్కడైనా రావచ్చు. మొదట పేగు టీబీ అనుకుని ఆ మందులు వాడించారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయట. చదివేవాళ్లలో క్రోన్స్ వాళ్లు ఎవరైనా ఉంటే ఒకటి చెప్పాలి. మా అన్నకు చిన్నపేగు ఒకచోట సన్నబడింది. అట్లా ఉన్నవాళ్లు పెద్దన్న చెప్పిన జొన్నరొట్టె లెక్క పాటించొద్దు. బత్తాయి తొనలు పొరతో సహా తిని మా అన్న రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. ఇప్పుడు రసం పిండి వడగట్టి ఇస్తున్నాం. బీడీ మానాక చాలా తేడా వచ్చింది, పొగ క్రోన్స్‌ను బాగా ముదురబెడుతుంది.

సూర్యాపేట సిస్టర్:

నేను స్టాఫ్ నర్సును. దేవరకొండ చెల్లెమ్మా, అందరూ తిండి గురించి మాట్లాడుతున్నారు, నాకు నీ మోకాళ్ల మాట దగ్గర గుండె ఆగింది. ఆ నొప్పుల గోలీ పేరేమిటి? అట్ట వెనక చూడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఉంటే ఈ రోజే ఆపు. ఈ రకం గోలీలు పేగుపూతను తిరగబెట్టగలవు. పండగ సీజన్‌లో వేసుకున్నావు, పండగ ముందే తిరగబెట్టింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నొప్పికి, జ్వరానికి మామూలుగా పారాసెటమాల్ చెబుతారు, మీ డాక్టర్ను అడిగి వాడు.

ఇంకో సంగతి. మన నల్లగొండ వైపు కీళ్లు నొప్పి పెడితే అందరం ఫ్లోరైడ్ మీద వేస్తాం. నీకు నిజంగా అదే కావచ్చు. కానీ ఈ పేగుజబ్బు కూడా కీళ్ల నొప్పులు తెస్తుంది, మోకాళ్లు, మడమలు ముఖ్యంగా. పేగు తగ్గితే అవీ తగ్గే అవకాశం ఉంది. ఈ మాట డాక్టర్‌తో చెప్పావా? విరేచనాల గురించి వెళ్లినప్పుడు మోకాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

రక్తం 8.6 అంటే తిండితో మాత్రమే పూడదు. పూత ఉన్నప్పుడు ఐరన్ గోలీలు చాలామందికి పడవు, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. అడుగు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంటుంది. తిన్నది పడక వచ్చిన బాధా, నిజంగా పూత లేచిందా అన్నది దాంతో చాలావరకు తెలుస్తుంది, ప్రతిసారీ కొలనోస్కోపీ అక్కర్లేదు.

రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో రక్తం పడుతూ, జ్వరం, గుండెదడ ఉంటే, లేదా కడుపు ఉబ్బి గట్టిపడితే ఇక్కడ పోస్టు పెట్టకు. వెంటనే దవాఖానకు పో. స్టెరాయిడ్ రాస్తే వాళ్లు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకో, మధ్యలో ఒక్కసారిగా మానొద్దు.

జడ్చర్ల పెద్దన్న:

సిస్టర్ చెప్పింది నాకు తట్టనే లేదు. చెల్లే, ముందు ఆ అట్ట చూడు.

దేవరకొండ కుట్టుమిషన్:

మూడు వారాలయింది, చెప్పకుండా ఉండలేకపోయాను. అట్ట మీద డైక్లోఫెనాక్ ఉంది. మా ఆయనతో చదివించాను, నేనూ చదివాను. చేతులు వణికాయి. మాంసం మానేశాను, పప్పు మానేశాను, పిల్లలు తింటుంటే చూస్తూ కూర్చున్నాను, ఆ గోలీ మాత్రం దారం డబ్బాలోనే పెట్టుకుని వేసుకుంటూ వచ్చాను.

హైదరాబాద్ పోయి అన్నీ చెప్పాను, మోకాళ్లతో సహా. డాక్టరమ్మ నొప్పుల గోలీ మాన్పించి, మెసలమైన్ మోతాదు పెంచి, కొన్నాళ్లు కింది నుంచి పెట్టుకునే మందు కూడా ఇచ్చారు. ఐరన్ రెండుసార్లు ఎక్కించారు. ఇప్పుడు రోజుకు రెండుసార్లే. పది రోజులుగా రక్తం లేదు. మడమల నొప్పి తగ్గింది, మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. రెండు గుడ్లూ, పెసరపప్పూ తింటున్నాను. 48 దాటాను. రాత్రి పదికి మిషన్ మీద గుడ్డ కప్పేస్తున్నాను. పెళ్లి బ్లౌజులు రెండు వెనక్కి ఇచ్చేశాను, బాధేసింది కానీ ఇచ్చేశాను.

జొన్నరొట్టె ముక్కకు ఇంకా రోజులున్నాయి, లెక్కపెట్టుకుంటున్నాను. పెద్దన్నా, పుంటికూర ఎప్పుడు తిన్నావు నువ్వు?

జడ్చర్ల పెద్దన్న:

రొట్టె మొదలుపెట్టిన రెండు నెలలకు. పప్పులో వేసి, రెండు చెంచాలు, పగటిపూట, ఊరికి పోయే పని లేని రోజు చూసుకుని. పుస్తకంలో రాయడం మర్చిపోకు.