కొత్త లాట్ విటమిన్ డి3 స్టాండర్డ్‌లో ఏరియా 5 శాతం ఎక్కువ వస్తోంది, ఎక్కడ చూడాలి?

పీణ్య_అనలిస్ట్:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరు పీణ్యలో ఒక ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఫోర్టిఫైడ్ వంటనూనె, పాలలో విటమిన్ ఎ, డి చూడటం నా పని.

డి3కి స్టాండర్డ్‌గా, అంటే శాంపిల్‌ని పోల్చి చూసేందుకు, ఇథనాల్‌లో 1 మి.గ్రా./మి.లీ. సర్టిఫైడ్ సొల్యూషన్ వాడతాం. 1 మి.లీ. గాజు యాంపూల్, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. ఈసారి కొత్త లాట్ తెరిచి, ఇంకో షిఫ్ట్ వాళ్లు పాత లాట్‌తో చేసిన స్టాక్ (పలచన చేసి పెట్టుకున్న ద్రావణం) పక్కన పెట్టి హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఇంజెక్ట్ చేస్తే కొత్తదానికి పీక్ ఏరియా (విటమిన్ ఎంతుందో చూపే గ్రాఫ్ వైశాల్యం) దాదాపు 5 శాతం ఎక్కువ. సర్టిఫికెట్‌లో ఇచ్చిన అనిశ్చితి అంతకంటే చాలా తక్కువ. రెండింటిలోనూ మెయిన్ పీక్‌కి కాస్త ముందు ఒక చిన్న పీక్ కూడా కనిపిస్తోంది. విటమిన్ పాడవుతుందని ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే పైపెట్ చేయమని మా ఎస్ఓపీలో (రాసిపెట్టిన పని పద్ధతిలో) ఉంది.

పైవాళ్లేమో కరెక్షన్ ఫ్యాక్టర్ పెట్టి నడిపించేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. రిపోర్టు మీద సంతకం నాది. ఎవరైనా దారి చెప్పండి.

హెచ్‌పీఎల్‌సీ_మిత్ర:
పాత స్టాక్ వెలుతురుకి పాడై తగ్గిందేమో. అప్పుడు కొత్తది ఎక్కువగానే కనిపిస్తుంది. అంబర్ ఫ్లాస్క్‌లోనే ఉంచారా?

పాత_కెమిస్ట్_మల్లేశ్వరం:
అమ్మా, ఫ్యాక్టర్ పెట్టకు. నువ్వు పట్టుబట్టింది సరైన చోటే. నాకు అనుమానం మీ ఎస్ఓపీలోని ఆ "వెంటనే" మీదే.

ఇథనాల్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. మైనస్ 20 నుంచి 25కి వస్తే 45 డిగ్రీల తేడా. అంటే చల్లగా ఉన్నప్పుడు తీసిన అర మి.లీ.లో, గది వేడిలో తీసిన అర మి.లీ. కంటే సుమారు 5 శాతం ఎక్కువ విటమిన్ ఉంటుంది. సర్టిఫికెట్‌లో గాఢత ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చారో చూడు, సాధారణంగా 20 డిగ్రీలు రాస్తారు. పైగా మామూలు మైక్రోపైపెట్‌కి చల్లటి ద్రవం, అందులోనూ ఆల్కహాల్, అస్సలు పడదు. గాజు సిరంజి వాడండి. లేదా మూత పెట్టిన ఫ్లాస్క్‌లోకి తీసి తూకం వేయండి. 20 డిగ్రీల దగ్గర అర మి.లీ. ఇథనాల్ 0.395 గ్రాములు తూగాలి. చల్లగా తీస్తే 0.41 దాటుతుంది.

ఇది మీ శాంపిల్ మీద ఎలా పడుతుందో చూడు. నూనెలో గ్రాముకి 0.11 నుంచి 0.16 మైక్రోగ్రాముల విటమిన్ డి ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన. స్టాండర్డ్‌లో మనం అనుకున్నదానికంటే 5 శాతం ఎక్కువ ఉంటే శాంపిల్ రిజల్ట్ అంతమేర తగ్గుతుంది. నిజంగా 0.115 ఉన్న నూనె 0.11 కిందికి జారిపోతుంది. పాసవ్వాల్సిన శాంపిల్‌ని ఫెయిల్ అని రాసిస్తాం.

పాతది పాడైందా, కొత్తది ఎక్కువైందా అన్నది యూవీ (ద్రావణం అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూడటం) తేలుస్తుంది. రెండింటినీ ఇథనాల్‌తో 10 మైక్రోగ్రాములు/మి.లీ.కి పలచన చేసి 265 నానోమీటర్ల దగ్గర చదువు. 1 సెం.మీ. క్యూవెట్‌లో సుమారు 0.48 రావాలి. సర్టిఫికెట్‌తో సంబంధం లేకుండా మన చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే.

ఆ చిన్న పీక్ ప్రీవిటమిన్ డి3 (డి3కే ఇంకో రూపం) అయ్యుంటుంది. ద్రావణంలో ఉన్న డి3 వేడికి కొంత అటు మారుతుంది. అందుకని తొందరపడి యాంపూల్‌ని వేడినీళ్లలో పెట్టడం, సోనికేటర్‌లో వేయడం చేయొద్దు. చీకట్లో, టేబుల్ మీద, దానంతటదే గది వేడికి రావాలి. పైన పట్టిన చెమ్మ పూర్తిగా తుడిచాకే మెడ విరవండి. సపోనిఫికేషన్‌లో (కొవ్వుని క్షారంతో వేడిచేసి విడగొట్టేటప్పుడు) శాంపిల్‌కీ ఇదే మార్పు జరుగుతుంది కాబట్టే డి2ని ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే తెలిసిన మోతాదులో శాంపిల్‌లోనే, కలుపుతాం. ఆ వేడిలో రెండూ దాదాపు ఒకేలా మారతాయి, నిష్పత్తి చెడదు. శాంపిల్‌లో డి2 లేదని మాత్రం ముందే చూసుకోవాలి.

క్లినికల్_ల్యాబ్_జయనగర్:
సార్ చెప్పింది మాకూ వర్తిస్తుంది. మేం రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి చూస్తాం. మా అసలు టెన్షన్ దాని 3-ఎపి రూపం (అణువులో ఒక్క చోట అమరిక తిరగబడిన జంట). ద్రవ్యరాశి ఒకటే కాబట్టి మాస్ స్పెక్ట్రోమీటర్ విడదీయలేదు, కాలమ్ మీదే విడదీయాలి. పసిపిల్లల రక్తంలో అది ఎక్కువ. ఇథనాల్‌లో కాలిబ్రేషన్ సరిగ్గా ఉన్నా, ఆ సంగతి సీరమ్ రిఫరెన్స్ మెటీరియల్ (విలువలు ముందే తేల్చిన రక్తద్రవం) పెట్టి చూస్తేనే బయటపడుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ కూడా ద్రావణానికి 2972, సీరమ్‌కి 972 అని విడివిడిగా ఇచ్చింది.

పీణ్య_అనలిస్ట్:
సార్, చాలా థాంక్స్. రెండో షిఫ్ట్ వాళ్లని అడిగాను. వాళ్లు రిజిస్టర్ రాసి, ఫ్లాస్కులు కడిగి సర్దుకునేదాకా యాంపూల్‌ని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి టేబుల్ మీదే ఉంచుతారట. యూవీలో పాత స్టాక్ 0.48, నేను చేసింది 0.50 వచ్చాయి. గది వేడికి వచ్చాక ఇంకో యాంపూల్ తెరిచి తూకంతో చేస్తే పాతదానితో కలిసింది. ఎస్ఓపీ మార్చాలని ఈ రీడింగులు జతచేసి క్వాలిటీ మేనేజర్‌కి రాసిచ్చాను. నేను చల్లగా తీసి చేసిన స్టాక్‌తో వెళ్లిన రిపోర్టులన్నీ ఆపి మళ్లీ లెక్కిస్తున్నాం.

ఒక్క సందేహం. తెరిచిన యాంపూల్‌లో మిగిలింది దాచుకోవచ్చా? ఖరీదైనది, పారబోయాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

పాత_కెమిస్ట్_మల్లేశ్వరం:
రీడింగులు జతచేసి పంపావు చూడు, అదీ పద్ధతి. మిగిలినదాని సంగతికొస్తే, ఒకసారి తెరిస్తే సర్టిఫికెట్ హామీ పోయినట్టే, సర్టిఫైడ్ స్టాండర్డ్‌గా వాడొద్దు. సిస్టమ్ చెక్‌కి కావాలంటే చిన్న అంబర్ వయల్‌లో బిగించి, తూకం దాని మీదే రాసి ఫ్రీజర్‌లో పెట్టు. మళ్లీ తీసినప్పుడు గది వేడికి వచ్చాక తూచు. బరువు తగ్గిందంటే ఇథనాల్ ఆవిరై గాఢత పెరిగిందని అర్థం, అప్పుడు పారబోయి.