గోగు చేనులో దొరికిన రాయి: వజ్రమా, పలుగురాయా?

చీపురుపల్లి_కుర్రాడు: మొన్నటి వానలకి గట్టు కోసుకుపోయి మా గోగు చేనులో ఒక రాయి బయటపడింది. బొటనవేలి కొసంత ఉంది, లోపల మసక లేదు, ఒక చివర మొనదేలి ఉంది. సీసా మీద గీస్తే గీత పడింది. ఇంకేముంది, మా చిన్నాన్న వజ్రమేనని ఊరంతా చెప్పేశాడు, ఇంట్లో ఒకటే టెన్షన్. కర్నూలు వైపు వానాకాలంలో దొరుకుతాయి కదా, మన దగ్గర ఎందుకు దొరక్కూడదు? మోసపోకుండా ఎవరికి చూపించాలి?

బొబ్బిలి_వీణ: గాజు మీద గీత పడితే వజ్రమా బాబూ? పలుగురాయి కాఠిన్యం పదికి 7, గాజుది 5.5 దాకా. అలాగైతే మా ఊరి గుట్ట మీద తెల్లరాళ్లన్నీ వజ్రాలే, నేనెందుకు ఇంకా ఉద్యోగం చేస్తున్నాను!

రాజాం_బావ: ఇన్ని లెక్కలెందుకండీ, ఇనప దిమ్మ మీద పెట్టి సుత్తితో ఒక్కటి ఇవ్వండి. వజ్రమైతే సుత్తికే సొట్ట పడుతుంది. మా తాతల నాటి నుంచి బంగారం పని మాది, ఊరికే చెప్పట్లేదు.

రాళ్ల_మాస్టారు: దయచేసి ఆ పని చేయకండి! గీతకి లొంగకపోవడం వేరు, దెబ్బకి ఓర్చుకోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది, సానపట్టే వాళ్లు రాయిని చీల్చేది దాన్ని పట్టుకునే. సుత్తి దెబ్బకి నిజమైన వజ్రం కూడా ముక్కలవుతుంది.

రాజాం_బావ: పుస్తకాలు చదివినోళ్లంతా మాస్టార్లే. మీరు చేత్తో ఎన్ని వజ్రాలు పట్టుకున్నారో చెప్పండి ముందు.

రాళ్ల_మాస్టారు: మీరు సుత్తితో ఎన్ని పగలగొట్టారో మీరు చెప్పండి, తర్వాత నేను చెబుతాను.

పాలకొండ_దారి: మీ గొడవ మీది గానీ, నాది వినండి. మా చెల్లి పెళ్లికి విశాఖలో ఒక షాపులో ఉంగరం కొన్నాం. పెన్నులాంటి మిషన్ ఆనించి ‘కుయ్’ మనిపించి వజ్రమన్నాడు. తీరా చూస్తే మోయిసనైట్, వజ్రంలా కనిపించే వేరే రాయి! ఆ పెన్ను చూసేది వేడి ఎంత త్వరగా పాకుతుందో అంతే, మోయిసనైట్‌లోనూ త్వరగానే పాకుతుంది. భూతద్దంలో కాస్త పక్కకి వంచి చూస్తే వెనక అంచులు రెండేసి గీతలుగా కనిపించాయి, వజ్రంలో అలా రావు. అప్పుడు పోయి కౌంటర్ దగ్గర కూర్చుని, డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేదాకా కదల్లేదు నేను.

బొబ్బిలి_వీణ: శభాష్! బిల్లు మీద రాయి పేరు రాయించుకున్నారా ముందే?

కళింగపట్నం_అల: మన తీరంలో ఇసుక ఎర్రగా, నల్లగా చారలు కట్టి ఉంటుంది చూశారా, ఆ ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మెనైట్ అనే ఖనిజాలు. చిన్నప్పుడు అయస్కాంతానికి అంటించి ఆడుకునేవాళ్లం. అసలు సంపద అక్కడుంటే మనం తెల్లరాళ్ల కోసం కొట్టుకుంటున్నాం.

రాళ్ల_మాస్టారు: ఇసుక సంగతి వేరే చోట మాట్లాడుకుందాం. కుర్రాడు అడిగినదానికి: వజ్రాన్ని పైకి తెచ్చేది కింబర్లైట్ లాంటి లోతు రాయి. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నవి అవే. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఖోండలైట్, చార్నకైట్ అనే వేరే రకం రాళ్లు, వాటిలో పలుగు చారలు. అందుకే ఆశ తక్కువ పెట్టుకోమంటున్నాను. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుక్కి, గోడలకి తగలకుండా పూర్తిగా ముంచి, అంటుకున్న బుడగలు విదిలించి, అంకె చూడండి. పొడిగా తూచిన బరువుని ఆ అంకెతో భాగించండి. 2.65 దగ్గర వస్తే పలుగు, 3.52 అయితే వజ్రం కావచ్చు. కావచ్చు అనే అంటున్నా, టోపాజ్ అనే రాయి కూడా అక్కడక్కడే వస్తుంది.

జొన్నగిరి_చూశా: ఒకసారి మా వాళ్లతో కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాలకి వెళ్లాను. వాన వెలిసిన మర్నాడు జనం వంగి వంగి నేల చూస్తూ నడుస్తారు, క్యారేజీలు చెట్ల కిందే. నాకేం దొరకలేదు, నడుం మాత్రం పట్టేసింది. దొరికినవాళ్లు అక్కడి వ్యాపారులకే అమ్ముతారట.

రాజాం_బావ: వాళ్లు కూడా కాటా, దారం పట్టుకుని తిరుగుతారా మరి?

చీపురుపల్లి_కుర్రాడు: మాస్టారూ, తూచాను. పొడిగా 5.30, నీళ్లలో ముంచితే 2.00. భాగిస్తే 2.65, మీరు చెప్పిన పలుగు అంకే వచ్చింది. ఇంకోటి, రాయికి ఆరు పలకలున్నాయి, వాటి మీద అడ్డంగా సన్న గీతలు. చిన్నాన్న కాటానే తప్పంటున్నాడు, రేపు షావుకారు దగ్గరికి తీసుకెళ్తాడట.

రాళ్ల_మాస్టారు: ఆ అడ్డగీతలతో తేలిపోయింది, అది స్ఫటికం, అంటే పలుగురాయే. ముడి వజ్రం చాలావరకు రెండు పిరమిడ్లు అడుగులు అంటించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. షావుకారు దగ్గరికి కాకుండా ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ వాళ్లెవరికైనా చూపించమనండి, మీ చిన్నాన్న అక్కడైనా నమ్ముతారేమో.

పాలకొండ_దారి: మాస్టారూ, మా చెల్లికి ఇప్పుడు ల్యాబులో తయారుచేసిన వజ్రం తీసుకుందామంటున్నారు. అది కూడా నకిలీయేనా?

రాళ్ల_మాస్టారు: కాదమ్మా, అదీ కార్బనే, కాఠిన్యం 10 అక్కడా అంతే. అందుకే పెన్ను మిషన్‌కి తేడా తెలీదు, ల్యాబులో పరికరాలు కావాలి. సర్టిఫికెట్ నంబరు రాయి నడుం అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటే భూతద్దంలో సరిపోల్చుకోండి. గని వజ్రం ధర మాత్రం ఇవ్వకండి.