గృహప్రవేశంలో ఎలక్ట్రీషియన్‌కి బట్టలెందుకు పెట్టరు?

ప్రశ్న (వైరింగ్ పని, భీమవరం):
మొన్నొక గృహప్రవేశానికి వెళ్లాను. తాపీ మేస్త్రికి పంచెల చాపు, వడ్రంగికి ప్యాంటు గుడ్డ, ఇద్దరికీ తాంబూలం. నన్ను చూడగానే ఓనరు గారు, "వచ్చావా బాబూ, ఆ సీరియల్ సెట్టు వెలగట్లేదు, కాస్త చూడు" అన్నారు. స్లాబ్ రోజు బిర్యానీ కూడా కాంక్రీటు బ్యాచ్‌కే. అదే స్లాబ్‌లో ఇనుము కట్టాక ఎండలో నడుం వంచి వైర్ల పైపులు వేసింది మేము. కాంక్రీటు వాళ్లు వాటిని తొక్కుకుంటూ తిరుగుతారు. జాయింటు ఊడి లోపలికి సిమెంటు పాలు దిగిందంటే, నెలల తర్వాత వైరు లాగేటప్పుడు మా చేతులకి తెలుస్తుంది. ఇక ప్లాస్టరింగ్‌లో స్విచ్ బాక్సుల్ని పూడ్చేస్తారు, మేం గోడ తట్టి చప్పుడు వింటూ వెతుక్కోవాలి. మేస్త్రులు జవాబు చెప్పాలి.

తాపీ మేస్త్రి:
బాక్సులో కాగితం కుక్కమని నీకెన్నిసార్లు చెప్పాలి తమ్ముడూ? అద్దంలా పూత పూసి తాపీ కడుక్కునేలోపు కట్టర్ పట్టుకుని దిగుతావు, "ఒక్క ఏసీ పాయింటే మేస్త్రీ" అంటూ. ఆ గాడికి మెష్ కొట్టి పూడ్చేది నేను. తర్వాత పగులొస్తే పేరు నాది.

వడ్రంగి:
గుమ్మం కింద నవధాన్యాలు వేస్తారు, పసుపు రాస్తారు, అందుకే నాకు మర్యాద. నీ మెయిన్ బోర్డు మీద పసుపు నీళ్లు చల్లమంటావా? అన్నట్టు మేస్త్రి గారూ, గోడ కట్టేటప్పుడు తూకం గుండు ఇంట్లో మర్చిపోయారా? తలుపు పడట్లేదని నన్ను తిడుతున్నారు.

తాపీ మేస్త్రి:
పచ్చి కర్రతో తలుపు చేసి, వానకి ఉబ్బితే నా గోడ వంకరా!

ప్లంబర్:
మీకు బట్టల గొడవ. నేను గుర్తొచ్చేది ఫ్లష్ పనిచేయనప్పుడే. టైల్స్ మేస్త్రి బాత్రూం వాలు నానీ ట్రాప్ (నీళ్లు పోయే జాలీ) వైపు కాకుండా గుమ్మం వైపు ఇస్తాడు. నీళ్లు నిలిస్తే మాత్రం "ప్లంబర్ని పిలవండి".

పెయింటర్:
మీ అందరి పాపాలూ నా లప్పం (గోడ నున్నగా చేసే పుట్టీ) కిందే ఉన్నాయి. ఎన్ని బస్తాలు పట్టిందో చూసి ఆ గోడ ఏ మేస్త్రిదో చెప్పేస్తా.

ప్రశ్న అడిగినవారు:
పెయింటరన్నా, నా కొత్త స్విచ్‌ల మీద రంగు చుక్కలు ఎవరివో కూడా చెప్పు. టేపు చుట్ట నేనే కొనిచ్చాను కదా, ఏం చేశావు దాన్ని?