పటం గీస్తే ఆడపిల్లకు కోత తప్పుతుందా?

శ్రావణి: టాంజానియాలోని మారా ప్రాంతంలో డిసెంబరు బడి సెలవులు వచ్చాయంటే ఆడపిల్లల జననాంగాలు కోసే కాలం. 18 ఏళ్లలోపు పిల్లలకు అలా చేయడం 1998 నుంచి నేరం. అయినా ఆగలేదు. ఒక పిల్ల ప్రమాదంలో ఉందని కబురు అందినా, ఆ పల్లె పటంలోనే లేకపోతే ఎలా వెళ్తారు? క్రౌడ్‌టుమ్యాప్ అనే స్వచ్ఛంద బృందం వాళ్లు 2015 నుంచి ఉపగ్రహ చిత్రాలు చూసి ఇళ్లు, దారులు గీయిస్తున్నారు. నేనూ గీస్తున్నాను. మీరూ రండి.

విజయలక్ష్మి: ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. పిల్లను కాపాడేది మనిషి, పటం కాదు.

రమణ: పశువుల దొడ్డిని ఇల్లనుకుని గీస్తే?

శ్రావణి: గీసినదాన్ని ఇంకొకరు సరిచూస్తారు, రమణ గారూ. విజయలక్ష్మి గారూ, ఆ మనిషికి దారి తెలియాలి కదా!

రమణ: సరిచూసేవాళ్లూ ఆ ఊరు చూడనివాళ్లేగా?

విజయలక్ష్మి: దొడ్ల సంగతి వదలండి. మా చెల్లెలి కూతురు పదహారేళ్లకే పెళ్లి చేస్తారని భయపడి మా ఇంటికి వచ్చేసింది. మూడో రోజుకల్లా ఫోను ఆధారంగా వాళ్ల నాన్న మా గుమ్మంలో ఉన్నాడు. పిల్లను తీసుకుపోయాడు. వెతికేవాళ్లంతా మంచివాళ్లేనా?

శ్రావణి: పటంలో పిల్ల పేరుండదు. ఊరి దారి తండ్రికి ముందే తెలుసు. తెలియనిది కాపాడేవాళ్లకే.

సకీనా: మాది సికింద్రాబాదు, బోహ్రా ముస్లిం కుటుంబం. మా ఇంటి దారి పటంలో ఉంది. ఏడేళ్లప్పుడు నన్ను ఖత్నాకు, అంటే మాలో ఆడపిల్లలకు చేసే ఆ కోతకే, తీసుకెళ్లింది మా నానమ్మే. దీన్ని నిషేధించాలని 2015లో మా ఆడవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీ చదివాకే, ఇది నా ఒక్కదానికే జరగలేదని తెలిసింది. నిషేధం కోరుతూ సుప్రీంకోర్టులో 2017లో వేసిన వ్యాజ్యం మరుసటి ఏడాది విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. నానమ్మను జైల్లో పెడతారంటే మాత్రం నేను నోరు విప్పను.

శ్రావణి: నానమ్మ మీద ప్రేమతో మీ చెల్లెలిని కూడా పంపుతారా?

సకీనా: ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? నా చెల్లెలిని పంపనివ్వలేదు. అమ్మతో ఆరు నెలలు పోట్లాడాను. పోలీసులను పిలవలేదు.

శ్రావణి: తప్పుగా అన్నాను, క్షమించండి. కానీ మీ అమ్మ విన్నారు. వినని తల్లి ఇంట్లో పిల్లకు ఆరు నెలల గడువు ఎక్కడిది?

సకీనా: ఆ పిల్లను కాపాడే బండి రావాల్సిందే. మరి సెలవులయ్యాక జనవరిలో ఆ పిల్ల ఏ ఇంటికి వెళ్తుంది?

శ్రావణి: మారాలో ఈ కోతకు వ్యతిరేకంగా పనిచేసే రోబీ సామ్వెల్లి గారి ఆశ్రయ గృహాలున్నాయి. తల్లిదండ్రులతో మాట్లాడి, కోయించబోమని మాట తీసుకున్నాకే ఇంటికి పంపుతారు. ఒప్పుకోకపోతే అక్కడే ఉంచుకుని చదివిస్తారు.

విజయలక్ష్మి: మా పిల్లకు దొరకనిది అదే. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా? పటం గురించే చెబుతూ వచ్చారు.